పళ్లు కొరకడానికి, దవడ బిగింపుకి బొటాక్స్: వేయించుకునే ముందు, ఆ రోజు, ఆ తర్వాత ఏం చేయాలి

"రాత్రిళ్లు పళ్లు కొరుకుతున్నాను. పొద్దున లేచేసరికి దవడ పట్టేసి ఉంటోంది. బొటాక్స్ వేయించుకుంటే తగ్గుతుందంటున్నారు, వేయించుకోవచ్చా?" ఈ ప్రశ్న చాలామంది దగ్గర్నుంచి వస్తూనే ఉంది. ఒక్క ముక్కలో అవుననో కాదనో చెప్పి ఊరుకునేది కాదు. అందుకని అసలు మీకు ఇది అవసరమా అన్నదగ్గర మొదలుపెట్టి, సూది వేయించుకున్న నెల తర్వాత ఫలితం ఎలా చూసుకోవాలో దాకా వరసగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఇది. ఈ ఇంజెక్షన్ పళ్లు కొరికే అలవాటును మాన్పించదు, కొరికే బలాన్ని తగ్గిస్తుంది. నిద్రలో దవడను బిగించమని మెదడు ఆదేశం పంపుతూనే ఉంటుంది. కండరం మాత్రం ఇదివరకటంత గట్టిగా బిగుసుకోదు. దీనివల్ల నొప్పి తగ్గుతుంది, పళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. కొరికే చప్పుడు కొంత ఉండొచ్చు కూడా. "వేయించుకున్నా ఇంకా కొరుకుతూనే ఉన్నాను, డబ్బు దండగ" అని బాధపడేవాళ్లు చాలాసార్లు ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లే బాధపడతారు.

ఇందులో వాడేది బొటులినం టాక్సిన్ అనే ప్రోటీన్. బొటాక్స్ అన్నది దాని బ్రాండు పేర్లలో ఒకటి. నరం చివర నుంచి కండరానికి ఆదేశం మోసుకెళ్లే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికి రాకుండా ఇది ఆపుతుంది. కొన్ని నెలలకు నరం మళ్లీ కోలుకుంటుంది, కండరానికి బలం తిరిగొస్తుంది. అమెరికాలో మందులకు అనుమతినిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 1989లో మెల్లకన్నుకీ, కనురెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకీ, 2010లో దీర్ఘకాలిక మైగ్రేన్‌కీ అనుమతి ఇచ్చింది. పళ్లు కొరకడానికంటూ విడిగా అనుమతి ఇవ్వలేదు. ఇలా వాడటాన్ని ఆఫ్ లేబుల్ అంటారు. అది తప్పేమీ కాదు, వైద్యంలో మామూలే. కాకపోతే అందరూ ఒప్పుకున్న ఒకే మోతాదంటూ లేదు కాబట్టి, వేసే చేతి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది.

ఇంకో మాట. కింద చెప్పిన మెట్లు మీరు, మీ డాక్టరు కలిసి నడవాల్సినవి. మందు ఆన్‌లైన్లో తెప్పించుకుని, వీడియో చూసి ఇంట్లో పొడుచుకునే ఆలోచన ఉంటే ఇక్కడే మానేయండి. వేశాక దీన్ని విరిచేసే మందు లేదు. తేడా వస్తే నెలల తరబడి భరించాల్సిందే.

కావలసినవి

- డెంటిస్ట్ చేసిన పరీక్ష, వీలైతే దవడ కీలు చూసే అనుభవం ఉన్నవారితో
- మీరు వాడే మందులన్నిటి జాబితా, విటమిన్ మాత్రలతో సహా
- రెండు వారాల నోట్స్: పొద్దున నొప్పి, సాయంత్రం నొప్పి, 0 నుంచి 10 వరకు అంకెల్లో
- ఒక చిన్న స్కేలు
- ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి తీసిన మూడు ఫొటోలు: ముఖం వదులుగా ఉన్నప్పుడు, పళ్లు బిగించినప్పుడు, పళ్లు కనిపించేలా నవ్వినప్పుడు
- మీ నోటికి కొలతతో చేయించిన నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు)

ఫొటోలూ కొలతలూ ఎందుకులే అనిపిస్తుంది. నెల తర్వాత "తగ్గిందా?" అని డాక్టరు అడిగితే గుర్తు మీద ఆధారపడి చెప్పే జవాబు నమ్మదగ్గది కాదు. ముందు కొలత లేకపోతే తర్వాత కొలత ఎందుకూ పనికిరాదు.

1. అసలు సమస్య ఇదేనా తేల్చుకోండి

అద్దం ముందు నిలబడి రెండు చేతుల వేళ్లనూ చెవుల కింద, దవడ మూల దగ్గర ఆనించండి. పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద గట్టిపడి ముద్దలా ఉబికేది మాసెటర్ కండరం. అదే పని వేళ్లు కణతల మీద పెట్టి చేయండి. అక్కడ కదిలేది టెంపొరాలిస్. ఇప్పుడు పళ్లు వదిలేసి, వేలి చివరతో ఆ రెండు చోట్లా మెల్లగా నొక్కండి. మీకు రోజూ వచ్చే నొప్పి అలాగే మేలుకుంటే కండరం మీద అనుమానం పెరుగుతుంది. వేలు చెవికి సరిగ్గా ముందున్న కీలు మీద పెట్టినప్పుడే నొప్పి వస్తే కథ వేరు.

నోరు తెరిచి ఇంకో మూడు చూడండి. బుగ్గ లోపల పళ్లు కలిసే ఎత్తులో తెల్లటి గీత, నాలుక అంచుల మీద పళ్ల అచ్చులు, కోరపళ్ల మొనలు అరిగి చదునుగా ఉండటం. ఇవన్నీ సూచనలు మాత్రమే. అరిగిన పన్ను ఎప్పుడు అరిగిందో చెప్పదు. పదేళ్ల కిందట కొరికి మానేసినవారి పళ్లూ అలాగే కనిపిస్తాయి. కడుపులో ఆమ్లం పైకి తన్నేవారికీ, పుల్లటి పానీయాలు ఎక్కువగా తాగేవారికీ పళ్లు అరుగుతాయి.

నొప్పి వేళను కూడా గమనించండి. నిద్రలో కొరికేవాళ్లకు పొద్దున లేచేసరికి ఎక్కువ. పగలు తెలియకుండా బిగించేవాళ్లకు సాయంత్రానికి పెరుగుతుంది. రెండూ ఉన్నవాళ్లూ ఉంటారు. పక్కన పడుకునేవాళ్లను చప్పుడు గురించి అడగండి. అయితే బిగించడానికి చప్పుడుండదు, కొరకడానికే ఉంటుంది. చప్పుడు లేదని సమస్య లేదనుకోకండి.

జాగ్రత్త: 50 దాటినవారికి కణతల్లో కొత్తగా నొప్పి మొదలై, నమిలేకొద్దీ దవడ లాగేస్తూ, చూపు మసకబారుతుంటే అది రక్తనాళాల వాపు కావచ్చు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో వచ్చి, ఆగితే తగ్గే దవడ నొప్పికి ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి.

2. రాజేస్తున్న కారణం ఏదైనా ఉందా చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే, ఎక్కువ లాభం ఉన్నదీ ఇక్కడే. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు కొందరిలో దవడ బిగింపును మొదలుపెడతాయి, ఉన్నదాన్ని పెంచుతాయి. ఏకాగ్రత కోసం ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటివి కూడా అంతే. మందు మొదలుపెట్టిన తేదీ, నొప్పి మొదలైన తేదీ పక్కపక్కన రాసి చూడండి. దగ్గరగా ఉంటే ఆ మందు రాసిన డాక్టరుకి చెప్పండి. మోతాదు మార్చడమో, మందు మార్చడమో వారు చూస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

గట్టిగా గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఎవరైనా చెప్పినా, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతున్నా స్లీప్ ఆప్నియా ఉందేమో పరీక్ష చేయించండి. దాన్ని వదిలేసి దవడ కండరాన్ని బలహీనం చేస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. రాత్రి మద్యం, సిగరెట్లు, సాయంత్రం దాటాక కాఫీ కూడా పళ్లు కొరకడాన్ని పెంచుతాయి. టెన్షన్ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

3. తేలికైనవి ముందు ప్రయత్నించండి

పగటి బిగింపుకి అన్నిటికన్నా మంచి మందు దవడను వదులుగా ఉంచడం నేర్చుకోవడమే. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి, నాలుక కొన పైపళ్ల వెనక అంగిలిని తాకుతూ ఉండాలి. తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పైపళ్లూ కింది పళ్లూ కలవాల్సిన పని లేదు. కంప్యూటర్ మూల ఒక రంగు స్టిక్కర్ అంటించి, కంట పడ్డప్పుడల్లా పళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. మొదటి రోజు ఎన్నిసార్లు బిగించి దొరికిపోతారో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

రాత్రికి నైట్ గార్డ్. కొలత తీసి చేసిన గట్టి అక్రిలిక్ రకం నయం. వేడినీళ్లలో ముంచి కరిచి పెట్టుకునే మెత్తటివి కొందరిలో ఇంకా నమలాలనిపించేలా చేస్తాయి. గార్డ్ కూడా కొరకడాన్ని ఆపదు. పళ్లకూ పళ్లకూ మధ్య అడ్డుంటుంది, అంతే. కానీ ఎనామెల్ (పంటి గట్టి పైపొర) మిగిలేది దానివల్లే.

ఇవన్నీ కొన్ని వారాలు నిజంగా చేశాక కూడా నొప్పి తగ్గకపోతే, గార్డ్‌నే కొరికి పగలగొడుతుంటే, క్యాపులూ ఇంప్లాంట్లూ దెబ్బతింటుంటే, మాసెటర్ బాగా పెరిగిపోయి నొప్పి పెడుతుంటే అప్పుడు ఇంజెక్షన్ గురించి మాట్లాడటంలో అర్థం ఉంది. నొప్పి లేకుండా, పళ్లు కొద్దిగా అరిగాయని మాత్రమే వేయించుకోవడం నా దృష్టిలో తొందరపాటు. దానికి గార్డ్ చాలు.

4. మీకు వేయకూడని కారణం ఉందేమో చూసుకోండి

కింది వాటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు.

- మయస్తీనియా గ్రావిస్, లాంబర్ట్ ఈటన్ సిండ్రోమ్, ఏఎల్ఎస్ లాంటి నరాల, కండరాల జబ్బులు
- గర్భం, గర్భం కోసం ప్రయత్నం, బిడ్డకు పాలివ్వడం
- సూది పడేచోట చర్మం మీద ఇన్ఫెక్షన్
- మింగడంలో, ఊపిరి తీసుకోవడంలో ఇప్పటికే ఇబ్బంది
- గతంలో ఈ మందుకి అలర్జీ. డిస్పోర్ట్ లాంటి కొన్ని బ్రాండ్లలో పాల ప్రోటీన్ ఆనవాళ్లు ఉండొచ్చు కాబట్టి దాని అలర్జీ ఉన్నా చెప్పాలి
- జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, కండరాలు సడలించే మాత్రలు
- ముఖం ముడతలకో, మైగ్రేన్‌కో ఈ మధ్య ఇదే మందు వేయించుకుని ఉండటం. అన్నిచోట్లా కలిపి మొత్తం మోతాదు లెక్కలోకి వస్తుంది
- ఎముకలు గుల్లబారిన జబ్బు

రక్తం పల్చబడే మందులు వాడుతుంటే సూది పడ్డచోట కమిలే అవకాశం ఎక్కువ. ఆ సంగతి చెప్పండి చాలు. కమిలిన మచ్చకు భయపడి గుండె మందు ఆపేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

5. వేసేవారిని ఎంచుకోండి, ఈ ప్రశ్నలు అడగండి

డెంటిస్టులు, ముఖ శస్త్రచికిత్స నిపుణులు, నరాల డాక్టర్లు, చర్మ వైద్యులు దీన్ని వేస్తారు. ఎవరికి అనుమతి ఉందన్నది మీరున్న చోటి నియమాలను బట్టి ఉంటుంది. డిగ్రీ పేరు కన్నా, దవడ నొప్పి కోసం వేసిన అనుభవం ఉందా అన్నది ముఖ్యం. బుగ్గలు సన్నబడటానికి వేసే అలవాటున్న చేతికీ, నొప్పి కోసం వేసే చేతికీ చూపు వేరుగా ఉంటుంది.

అడగాల్సినవి: ఏ బ్రాండు? ఏ కండరాల్లో? ఒక్కో వైపు ఎన్ని యూనిట్లు (మందు మోతాదు కొలత), ఎన్ని చోట్ల? మందు ఎప్పుడు కలిపారు? తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట వేయించుకోకండి.

యూనిట్ల విషయంలో తికమక ఎక్కువ. బొటాక్స్ బ్రాండుతో అయితే సాధారణంగా ఒక్కో మాసెటర్‌కి 20 నుంచి 30 యూనిట్లు, టెంపొరాలిస్‌కి కూడా వేస్తే దానికి విడిగా ఒక్కో వైపు 10 నుంచి 20 దాకా వేస్తుంటారు. కండరం పెద్దదైతే ఎక్కువ పడొచ్చు. కానీ బ్రాండు మారితే అంకె మారుతుంది. డిస్పోర్ట్ యూనిట్ బొటాక్స్ యూనిట్‌తో సమానం కాదు, అంకె రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంటుంది. "మా స్నేహితురాలికి 75 వేశారు, నాకు 25 వేశారు, మోసం" అనుకునే ముందు బ్రాండు అడగండి. మొదటిసారి తక్కువతో మొదలుపెట్టమనండి. చాలకపోతే కలపొచ్చు, ఎక్కువైతే తీయలేరు.

మందు పొడిగా సీసాలో వస్తుంది, సెలైన్ కలిపి వాడతారు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. బొటాక్స్‌కైతే కలిపాక 24 గంటల్లో వాడేయాలని తయారీదారు చెబుతారు. సీసా చూపించమని అడగండి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫొటో తీసుకోండి. మొహమాటపడొద్దు. 2024లో అమెరికాలో నకిలీ బొటాక్స్ వల్ల, అర్హత లేనివాళ్ల చేతుల్లో వేయించుకోవడం వల్ల కొందరు ఆసుపత్రి పాలయ్యారు, అక్కడి ఆరోగ్య సంస్థలు హెచ్చరిక కూడా జారీ చేశాయి. మరీ చౌకగా దొరికే చోట ఈ అనుమానం తప్పకుండా పెట్టుకోవాలి.

6. వెళ్లే ముందు కొలతలు తీసుకోండి

నోరు నొప్పి లేకుండా ఎంత తెరుచుకుంటుందో, పైన ముందు పంటి అంచు నుంచి కింద ముందు పంటి అంచు వరకు స్కేలుతో కొలవండి. పెద్దవాళ్లకు మామూలుగా 40 నుంచి 50 మిల్లీమీటర్లు ఉంటుంది. స్కేలు లేకపోతే మీ మూడు వేళ్లు నిలువుగా దూరుతున్నాయా చూడండి. 35 కన్నా తక్కువ ఉండి, దవడ ఒక పక్కకు లాగుతూ తెరుచుకుంటుంటే కీలు సమస్య కావచ్చు, వేసేముందే డాక్టరుకి చూపించండి.

ముందురోజు మద్యం వద్దు. ఆ రోజు మేకప్ లేకుండా వెళ్లండి. గడ్డం ఉంటే గుర్తులు పెట్టడం కష్టం, ట్రిమ్ చేసుకుంటే మంచిది. ఖాళీ కడుపుతో వెళ్లాల్సిన పని లేదు.

7. కుర్చీలో ఏం జరుగుతుందో తెలుసుకోండి

మంచి చేతిని గుర్తుపట్టేది ఇక్కడే, సూది పట్టుకోక ముందే. డాక్టరు మిమ్మల్ని పళ్లు బిగించమంటారు, వదలమంటారు, మళ్లీ బిగించమంటారు. ఆ సమయంలో వేలితో కండరం ముందు అంచునీ వెనక అంచునీ వెతికి పట్టుకుంటారు. చెవి తమ్మె నుంచి నోటి మూల వరకు పెన్సిల్‌తో ఒక గీత గీస్తారు. సూది దించాల్సిన చోట్ల పెట్టే చుక్కలన్నీ ఆ గీత కిందే ఉండాలి, దవడ ఎముక అంచుకు పైన ఉండాలి, కండరం ముందు అంచు నుంచి సుమారు ఒక సెంటీమీటరు వెనక్కి ఉండాలి. గీత పైన లాలాజల గ్రంథి నాళం పోతుంది. ముందు అంచు దగ్గర నవ్వేటప్పుడు పెదవిని లాగే సన్నటి కండరం ఉంటుంది. మందు దాన్ని తాకితే నవ్వు వంకర పోతుంది.

ఒక్కో వైపు మూడు నుంచి ఐదు చుక్కలు. సూది సన్నదే, కానీ మాసెటర్ మందంగా ఉంటుంది కాబట్టి లోపలికి దిగుతుంది. ఒక్కో పోటుకీ చీమ కుట్టినట్టు ఉండి, ఆ తర్వాత లోపల ఒత్తిడిగా అనిపిస్తుంది. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. బిగించమన్నప్పుడు బిగించండి, వదలమన్నప్పుడు వదలండి. మధ్యలో మాట్లాడకండి.

చుక్కలు పెట్టాక, సూది దిగక ముందు ఒక ఫొటో తీయించుకోండి. రెండోసారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే దానికి మించిన రికార్డు లేదు. మీ కండరాన్ని ఒక్కసారి కూడా తాకి చూడకుండా, బిగించమని అడగకుండా సూది తీస్తుంటే "ఒక్క నిమిషం" అని ఆపే హక్కు మీకుంది.

8. ఆ రోజు ఇవి పాటించండి

సూది పడ్డచోట రుద్దకండి, మసాజ్ చేయకండి. నాలుగు గంటలు పడుకోకుండా ఉండండి. ఆ రోజు భారీ వ్యాయామం, ఆవిరి స్నానం, మద్యం వద్దు. నిజం చెప్పాలంటే వీటిలో కొన్నిటికి పెద్దగా రుజువు లేదు, కానీ పాటిస్తే పోయేదేమీ లేదు. వాచినట్టుంటే గుడ్డలో చుట్టిన ఐసు కొద్దిసేపు మెల్లగా ఆనించండి. నైట్ గార్డ్ ఆ రాత్రి కూడా పెట్టుకోవచ్చు.

ముఖం మొద్దుబారదు. ఇది మత్తు ఇంజెక్షన్ కాదు. స్పర్శ అంతా మామూలుగానే ఉంటుంది. "ఏమీ అనిపించట్లేదు, పనిచేయలేదేమో" అని ఆ సాయంత్రమే కంగారుపడేవాళ్లు ఉంటారు.

9. మొదటి నాలుగు వారాలు ఓపిక పట్టండి

మార్పు సాధారణంగా కొన్ని రోజుల తర్వాతే మొదలవుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో పూర్తి ప్రభావం తెలుస్తుంది. మూడు నుంచి నాలుగు నెలలు ఉంటుంది, కొందరికి ఇంకాస్త ఎక్కువ. వారం తిరక్కుండానే "ఇంకొంచెం వేయండి" అని వెళ్లకండి.

మామూలుగా జరిగేవి: గట్టి పదార్థాలు నమిలితే దవడ త్వరగా అలిసిపోవడం, ఒకటి రెండు రోజులు తలనొప్పి, చిన్న కమిలిన మచ్చ. కొన్నాళ్లు మెత్తటివి తినండి, చిన్న ముక్కలు చేసుకోండి, చూయింగ్ గమ్ మానేయండి.

కొందరికి మొదటి వారాల్లో నమిలినప్పుడు బుగ్గ మీద ఉన్నట్టుండి చిన్న ఉబ్బు లేస్తుంది, ఆపగానే పోతుంది. మందు కండరంలో ఒక పొరకు పట్టి ఇంకో పొరకు పట్టకపోతే, పట్టని పొర ఒక్కటే బిగుసుకుని ఇలా కనిపిస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ ప్రమాదం లేదు. చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది, లేదంటే ఆ పొరలో కొద్దిగా మందు వేసి సరిచేస్తారు. దాన్ని మీరు నొక్కి అణచాలని చూడకండి.

నవ్వు ఒక పక్కకు పోతే ఫొటో తీసి డాక్టరుకి పంపండి. వారాలు పట్టినా అది తిరిగొస్తుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి వేరు: మింగడం కష్టమవడం, గొంతు బొంగురుపోవడం లేదా మాట ముద్దగా రావడం, రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, ఒళ్లంతా నీరసం, ఊపిరి అందకపోవడం. మందు వేసిన చోటు దాటి పాకితే ఇలా అవుతుంది. అరుదే, కానీ గంటల్లోనూ రావచ్చు, వారాల తర్వాతా రావచ్చు. "రేపు చూద్దాం" అనుకోవాల్సిన లక్షణాలు కావివి.

10. ఫలితం ఇలా చూసుకోండి

నాలుగో వారంలో మొదట చేసినవన్నీ మళ్లీ చేయండి: రెండు వారాల నొప్పి అంకెలు, స్కేలు కొలత, మూడు ఫొటోలు, వేళ్లు పెట్టి బిగించే పరీక్ష. ఆ తర్వాత ఇలా చదువుకోండి.

బిగింపు తగ్గింది, నొప్పీ తగ్గింది: మందు పడాల్సిన చోట పడింది, కారణమూ కండరమే.

బిగింపు తగ్గింది, నొప్పి మాత్రం అలాగే ఉంది: ఇది అన్నిటికన్నా విలువైన సమాచారం. మందు తన పని చేసింది, నొప్పి వేరే చోట నుంచి వస్తోంది. కీలు, పన్ను వేరు, మెడ, తలనొప్పి జబ్బు, వీటిని వెతకాలి. ఇక్కడ మోతాదు పెంచితే నమలడం కష్టమవుతుంది తప్ప నొప్పి పోదు. ఎక్కువమంది చేసే పొరపాటు సరిగ్గా ఇదే.

వేళ్ల కింద కండరం ఇంకా రాయిలా గట్టిపడుతోంది: మోతాదు చాలలేదో, చోటు తప్పిందో, మందు నాణ్యత తేడానో. బ్యాచ్ ఫొటో, చుక్కల ఫొటో తీసుకుని వెళ్లండి.

మాసెటర్ మెత్తబడింది, కణతల్లో నొప్పి పెరిగింది: ఒక కండరం బలహీనపడితే పక్కది భారం ఎత్తుకోవచ్చు. వచ్చేసారి రెండూ కలిపి ఆలోచించాలా అని అడగండి.

నైట్ గార్డ్ మీద కొత్త గీతలు పడుతున్నాయా అన్నది కూడా చూడండి. పడుతుంటే కొరకడం కొనసాగుతోందని అర్థం. నొప్పి పోయింది కదా అని గార్డ్‌ను డబ్బాలో పెట్టేసి, మందు ప్రభావం తగ్గాక పన్ను విరగ్గొట్టుకునేవాళ్లు ఉంటారు.

11. మళ్లీ వేయించుకోవాలా అన్నది క్యాలెండర్ చూసి నిర్ణయించకండి

రెండు సార్లకు మధ్య కనీసం 12 వారాలు ఉండాలి. త్వరత్వరగా, పెద్ద మోతాదుల్లో వేయించుకుంటే శరీరం ఈ ప్రోటీన్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసి, మందు పనిచేయకుండా పోవచ్చు. మూడు నెలలు కాగానే ప్యాకేజీలా వేయించుకోవడం నాకు నచ్చని పద్ధతి. నొప్పి తిరిగొచ్చిందా, ఎంత వచ్చింది? దానికే జవాబు వెతకండి. కొందరికి పగటి అలవాటు మారాక, ఒకటి రెండుసార్లతోనే సరిపోతుంది.

పదేపదే వేయించుకుంటే కండరం సన్నబడుతుంది, ముఖం ఆకారం మారుతుంది. సన్నటి దవడ కావాలనుకునేవారికి సంతోషమే. ఇప్పటికే బుగ్గలు లోతుగా ఉన్నవారికి, చర్మం వదులైనవారికి మాత్రం బుగ్గలు జారినట్టు, కణతలు గుంటపడినట్టు కనిపించొచ్చు. ఇంకోటి, నమిలే ఒత్తిడి తగ్గితే దవడ ఎముక పల్చబడుతుందా అన్న ప్రశ్న. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో అలాంటి మార్పులు కనిపించాయి, మనుషుల్లో ఫలితాలు ఒకేలా లేవు. ఏళ్ల తరబడి వేయించుకోవాలనుకునేవారు, ముఖ్యంగా ఎముకల బలహీనత ఉన్నవారు, దవడ ఎక్స్‌రే ఎప్పుడెప్పుడు తీయాలో ముందే మాట్లాడుకోవాలి.

పిల్లల గురించి అడిగినవారికి

చిన్నపిల్లలు నిద్రలో పళ్లు కొరకడం చాలా సాధారణం. ఎక్కువమందిలో పెరిగేకొద్దీ దానంతటదే పోతుంది. దానికి ఈ ఇంజెక్షన్ వేయించే పని లేదు. గురక ఉందా, నోటితో ఊపిరి పీలుస్తున్నారా, ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉంటోందా చూడండి. ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి. పళ్లు జివ్వుమంటున్నాయని, నొప్పి అని చెబితే డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి.